అమల ప్యాంటు మీద తీర్మానం

మా ఊరి పాల సెంటరు ముందర తీగలు లేని కరెంటు కంబం ఒకటి ఉండాది. పాత రైలు పట్టాతో నిలబెట్టిన ఇనప కంబం. కొత్త లైను లాగినప్పుడు తీగలు విప్పుకొని పోయినారు. కంబాన్ని పెరికే ఓపిక లేక అట్లే వదిలేసినారు.

పొద్దున అయిదున్నరకు పాలు పోసేదానికి ఊరంతా ఆడికే వస్తుంది. మగవాళ్ళు లుంగీలు పైకి మడిచి, చారల డ్రాయర్లు కనబడతా వస్తారు. కొందరు ఒట్టి డ్రాయరుతోనే వస్తారు, భుజాన టవాలుంటే చాలనుకుంటారు. ఆడవాళ్ళు నైటీ మీద టవాలు కప్పుకొని వస్తారు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచి ఎవురూ ఎవురి బట్టలనూ ఏమీ అనింది లేదు. మొన్న ఏప్రిల్ నెలలో అమల ట్రాకు ప్యాంటు, టీషర్టు వేసుకొని ఆ కంబం ఎక్కడం మొదలుపెట్టింది. అప్పుడు గాని మా ఊరి పెద్దమనుషులకు ఒంటిమీద బట్టలనేవి ఉంటాయని తెలిసిరాలేదు.

అమల రాజారత్నం కూతురు. ఇరవై ఏండ్ల పాప. చిత్తూరులో ఐటీఐ ఎలక్ట్రికల్ చదివింది. వాళ్ళమ్మ తాయమ్మకు ఒక ఆవు ఉండాది, ఆ పాలతోనే ఇల్లు. రాజారత్నం సంపాదన చెప్పుకొనేంతది కాదు. చెప్పుకోవాల్సింది ఆయన పని. మా ఊళ్ళకు లైన్‌మన్ దయానంద్. జీతం దయానంద్‌ది, కంబం ఎక్కేది రాజారత్నం. ఇరవై రెండేండ్లుగా ఇదే జరుగుతా ఉండాది. దయానంద్ కింద నిలబడి ఫోన్లో మాట్లాడుకుంటా, మధ్యలో తల ఎత్తి "ఎడమ పక్కది, రాజారత్నం" అంటాడు. అంతవరకే ఆయన ఉద్యోగం. ఏ మోటారు ఫీజు ఎగిరినా, ఏ గాలికి తీగ తెగినా మా ఊరోళ్ళు రాజారత్నానికే కేకేస్తారు. ఆఫీసు పుస్తకంలో మాత్రం రాజారత్నం అనే మనిషి లేడు.

ఆ పుస్తకంలో తాను ఉండాలని అమల అనుకున్నది. లైన్‌మన్ పోస్టులు పడినాయి, ఆడపిల్లలు కూడా పెట్టుకోవచ్చన్నారు. రాత పరీక్ష అయింది. ఇంక కంబం ఎక్కే పరీక్ష మిగిలింది. మే నెలాఖరులో చిత్తూరులో పెడతారు. ఒట్టి చేతులతో ఎక్కాల, పైన నడుం బెల్టు తగిలించుకోవాల, దిగాల. అంతా రెండు నిమిషాల్లో అయిపోవాల. చీరతో అయ్యే పని కాదు.

మొదటిరోజు మనిషెత్తు ఎక్కి జారింది. రాజారత్నం కింద నిలబడి, "పాదాలు లోపలికి తిప్పు, పట్టాను పాదాలతో పట్టుకో" అని చెప్తానే ఉన్నాడు. నాలుగోరోజుకు సగం ఎక్కింది. జయరావు టీ అంగడి బెంచీ ఎప్పుడూ రోడ్డుకు మొగం పెట్టుకొని ఉండేది. ఆ నాలుగోరోజు అది కంబం వైపు తిరిగింది. దామోదరం ఆవును అమ్మేసి రెండేండ్లయింది. ఆయన కూడా తెల్లారకముందే వచ్చి బెంచీలో చోటు పట్టుకున్నాడు. అందరూ మెడలు నొచ్చేటట్టు పైకి చూసినారు. బాగా చూసినారు. చూసి చూసి, చూడలేకపోతున్నామన్నారు.

ఆ వారమే మోహన్‌కృష్ణ మామిడి మండీలో ఊరి కమిటీ కూర్చుంది. మోహన్‌కృష్ణ వెనకటికి సర్పంచి. ఇప్పుడు పాల సంఘానికి ప్రెసిడెంటు, బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలకు కాయ తోలేది కూడా ఆయనే. ఊళ్ళో పెద్దమనిషి అంటే ఆయన. నేను ఏడో తరగతి దాకా చదివినోణ్ణి. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని తీర్మానాల పుస్తకం నాచేత రాయిస్తారు. మధ్యలో మాట్లాడననేది ఇంకో కారణం.

మోహన్‌కృష్ణ కుర్చీలో కాళ్ళు ఎడంగా పెట్టి, పంచెను తొడల దాకా లాక్కొని కూర్చున్నాడు. ఎండాకాలం, గాలి ఆడాల గదా.

"పిల్లకాయల బట్టలు మితి మీరిపోయినాయప్పా," అన్నాడు. "తిరపతికి పోతే అదే కత, పాకాల రైల్వేస్టేషన్లో దిగితే అదే కత. చూసినోళ్ళు తల దించుకోవాల్సి వస్తా ఉండాది."

తల దించుకున్నోడు ఒక్కడూ నాకు కనబడలేదు. రాసేది నా పని గనక రాసినాను.

"దీనికి చట్టం రావాల," అన్నాడు మోహన్‌కృష్ణ. "బండి ఎక్కితే తలకు హెల్మెట్టు పెట్టుకోమని చట్టం ఉండాదా లేదా? తలకు ఉన్న చట్టం ఒంటికెందుకు ఉండగూడదు?"

"హెల్మెట్టు నువ్వు పెట్టుకుంటావా అన్నా?" అని మునిచంద్ర అడిగినాడు. మండీలో కాయల ట్రేలు మోసే పిల్లోడు, ఇరవై రెండుంటాయి. వాడి మొగం చూస్తే నిజంగానే తెలుసుకునేదానికి అడిగినట్టుంటుంది.

"నీ ట్రేలు నువ్వు సూస్కో."

వాడు చూసుకున్నాడు.

మోహన్‌కృష్ణ చెప్పింది చెప్పినట్టు రాసినాను. ఊళ్ళో పదిమంది తిరిగే చోట ఆడపిల్లలు ప్యాంట్లు, టీషర్ట్లు వేసుకోగూడదు. ఆడవాళ్ళు నైటీలతో గడప దాటగూడదు. మగపిల్లలు నిక్కర్లు, మోకాళ్ళ కాడ చిరిగిన జీన్లు వేసుకోగూడదు. "ఇంకోటి రాయప్పా," అన్నాడు దామోదరం, "మగోళ్ళు ఆడబట్టలు కట్టగూడదు." పోయిన నెల ఇద్దరు పిల్లోళ్ళు చీరలు కట్టుకొని ఫోన్లో వీడియో తీసి పెట్టినారు, ఆయనకు అది కడుపుమంట. అదీ రాసినాను. ఏ ఇంటి పిల్లలు తప్పితే ఆ ఇంటి పాలు సెంటర్లో పట్టగూడదు. ముందు మన ఊళ్ళో అమలు చేసి చూపించి, గంగజాతర అయినాక ఈ కాగితం కలెక్టరుకు పంపించాల. ఆయన పైకి పంపిస్తాడు. పైన చట్టం అయిపోతుంది.

అమల పేరు ఎవురూ ఎత్తలేదు. పాలు పట్టకపోతే పొయ్యి వెలగని ఇల్లు ఏదో అందరికీ తెలుసు. ప్యాంటు వేసుకొని పదిమందిలో కనబడే ఆడపిల్ల ఊళ్ళో ఎవురో కూడా తెలుసు.

నేను కింద సంతకం పెట్టినాను. పెట్టకుండా ఉండొచ్చు. పెట్టినాను. ఆ మాట కూడా ఈడ రాయాల.

తెల్లారి పాల సెంటర్లో మోహన్‌కృష్ణ వాళ్ళమ్మ శకుంతలమ్మ క్యాను దించి, నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. పూల నైటీ, పైన టవాలు. ఎనక నలుగురైదుగురు ఆడవాళ్ళు, అందరూ నైటీలే.

"ఎవుర్రా నైటీ వద్దనింది?"

జయరావు అంగడిలో కొడుకు టీ తాగతా ఉన్నాడు. గ్లాసులోకి చూసినాడు.

"నిన్నేరా. రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ చేయించుకోని ఉండా. తెల్లారుజామున చీర కుచ్చిళ్ళు ఎవురు పెడతారు నాకు? మీ నాయన లేచొచ్చి పెడతాడా?"

"అట్లా కాదుమా..."

"ఎట్లా? నైటీ మెడ కాడినుంచి మడమ దాకా ఉండాది. నీ పంచె యాడి దాకా ఉండాదో ఒకసారి కిందికి చూసుకో."

ఆడవాళ్ళు నవ్వినారు. ఆయన పంచె కిందికి లాక్కున్నాడు. ఆ సాయంత్రం నన్ను పిలిపించి, నైటీ ఒంటినిండా ఉండే బట్ట గనక దానికి మినహాయింపు అని రాయించినాడు.

మూడురోజులకు దామోదరం కొడుకు నవీన్ బెంగుళూరునుంచి జాతరకని వచ్చినాడు. మోకాళ్ళ పైన నిక్కరు, దానికి కూడా జేబు కాడ చిరుగు. చిరుగు కూడా కలిపే అమ్మినారంట. జాతరకు సీరియల్ లైట్ల ఖర్చంతా నవీన్ పెట్టుకున్నాడు. ఊరంతా వాడు ఆ నిక్కరుతోనే తిరిగినాడు. దామోదరానికి రెండురోజులు అన్నం సయించలేదు. మూడోరోజు కమిటీ కూర్చుంది. ఊళ్ళో కాపురం లేకుండా బయటినుంచి వచ్చిపోయేవాళ్ళకు వర్తించదని రాసుకున్నాం. దామోదరం ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడని వాళ్ళింటి పనామె చెప్పింది.

అదే వారంలో జాతర బందోబస్తు మాట్లాడేదానికి కానిస్టేబులు లోకేశ్వరి వచ్చింది. ఖాకీ ప్యాంటు, ఖాకీ చొక్కా, బుల్లెట్టు బండి. మండీలో బల్లమీద పుస్తకం తెరిచి ఉండాది. నిలబడే చదివింది.

"అయితే నేను రేపటినుంచి చీర కట్టుకోని రావాల్నా సార్?"

మోహన్‌కృష్ణ లేచి కుర్చీ వేసినాడు. "అబ్బెబ్బే, సర్కారు డ్రెస్సు వేరు మేడం. అది గౌరవం."

"ప్యాంటే గదా ఇది కూడా."

"సర్కారు ప్యాంటు వేరు."

"ఇట్లాంటి చట్టం యాడా లేదు సార్. ఎవురైనా కంప్లయింటు ఇస్తే మేం రావాల్సి వస్తుంది."

"ఇచ్చేవాళ్ళు ఉంటే గదా మేడం," అని ఆయన నవ్వినాడు. ఆమె పోయినాక, ప్రభుత్వ ఉద్యోగుల డ్రెస్సుకు మినహాయింపు అని నాచేత రాయించినాడు.

ట్రేల ఎనకనుంచి మునిచంద్ర వచ్చినాడు. "అన్నా, నాకో సందేహం."

"ఏందిరా మళ్ళా?"

"మగోళ్ళు ఆడబట్టలు కట్టగూడదని పుస్తకంలో ఉండాది గదా. జాతరకు మన వేషాలు ఎట్లా మరి? నువ్వు ప్రతి సంవత్సరం చీర కడతావే. ఈసారి మీ పాలు పట్టరా?"

మా పక్క గంగజాతరకు మొక్కున్న మగవాళ్ళు చీర కట్టి, పసుపు పూసుకొని, గాజులు వేసుకొని, సవరం పెట్టుకొని అమ్మవారి ముందర ఆడతారు. మోహన్‌కృష్ణ తండ్రి కట్టినాడు, ఈయన కడతాడు. దామోదరం కడతాడు. కమిటీలో కట్టనోడు లేడు. అంత చెయ్యి తిరిగిన మనుషులు, మగోళ్ళు ఆడబట్టలు కట్టగూడదని చెప్పి రాయించేటప్పుడు ఒక్కడికీ జాతర గుర్తు రాలేదు. పిల్లకాయల మీద రాసేటప్పుడు తమ ఒళ్ళు తమకు కనబడదు.

"అది దైవకార్యం," అన్నాడు మోహన్‌కృష్ణ.

"మొక్కు," అన్నాడు దామోదరం.

"అదే, మినహాయింపు అని రాసుకుంటే తేట గదా అన్నా," అన్నాడు మునిచంద్ర, అదే మొగంతో.

రాసినాను. రాసినాక ఇంటికి పోయి, మొదటినుంచి చదువుకున్నాను. నైటీలు పోయినాయి. నిక్కర్లు పోయినాయి. ఖాకీలు పోయినాయి, చీరకట్టిన మగవాళ్ళు పోయినారు. చిరిగిన జీన్లు వేసుకొనే పిల్లోళ్ళు కమిటీవాళ్ళ కొడుకులే గనక వాళ్ళను ఎవురూ అడగలేదు. ఇంక ఆ తీర్మానం కింద ఊళ్ళో ఒకే ఒక మనిషి మిగిలింది. ఒక మనిషి కోసం అన్ని పేజీలు.

ఆ ఒక మనిషి తండ్రిని వెంటబెట్టుకొని మండీకి వచ్చింది. రాజారత్నం చెప్పులు బయట విడిచినాడు. అమల విడవలేదు.

"ఇంకా పద్నాలుగు దినాలే ఉండాది పెద్దాయనా," అంది మోహన్‌కృష్ణతో. "పరీక్ష అయిపోతే మీ కంబం కాడికి నేను రాను. అంతవరకు ఓర్చుకోండి."

"ఎక్కొద్దనలేదే నిన్ను. పద్ధతిగా ఎక్కు."

"పద్ధతంటే?"

"చుడీదారు, చున్నీ. మా ఇంటి పిల్లలు కాలేజీకి పోలేదా వాటితో?"

"కాలేజీకి మెట్లుంటాయి పెద్దాయనా."

రాజారత్నం కూతురి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది.

"ఉద్యోగం వచ్చినాక ప్యాంటు వేసుకుంటే గౌరవం అని రాసినారంట గదా. ఉద్యోగం కోసం వేసుకుంటే తప్పంట. ఈ ప్యాంటు ఏ నిమిషానికి సర్కారు ప్యాంటు అవుతుందో చెప్పండి, ఆ నిమిషానికి ఎక్కుతా."

"నోరు పెద్దదైందే నీ బిడ్డకు, రాజారత్నం," అన్నాడు దామోదరం. "ఫీజులు వేసేదానికి పలమనేరులో మనుషులు లేకపోలేదు. వేరే మనిషిని చూసుకోమంటే చూసుకుంటాం."

రాజారత్నం, "తెలీని పాప సామీ," అన్నాడు. ఈ కూర్చున్న అందరి మోటార్లకూ ప్రాణం పోసిన మనిషి ఆ మాటన్నాడు. కూర్చున్నవాళ్ళు దాన్ని మర్యాద అనుకున్నారు.

పాప తండ్రి కోసం తగ్గింది. తెల్లారి చుడీదారు వేసుకొని వచ్చింది. వదులు ప్యాంటు, మోకాళ్ళ కిందికి టాపు, పైన చున్నీ, రెండు కొసలూ నడుముకు ముడేసుకుంది. బెంచీ నిండా జనం. సగం దూరం ఎక్కేసరికి రెండుసార్లు జారింది. పాత తీగలు బిగించిన ఇనప కమ్మి ఒకటి ఆ కంబానికి పైన ఇంకా అట్లే ఉండాది. అది దాటేటప్పుడు చున్నీ ముడి ఊడి ఆ కమ్మికి చుట్టుకుంది. అమల పాదం జారింది. చున్నీ మెడకు బిగిసింది. ఒక చేత్తో కంబాన్ని పట్టుకొని, ఇంకో చేత్తో మెడకాడి బట్టను లాగతా, నోట మాట లేకుండా ఏలాడింది. రాజారత్నం కోతి మాదిరి పైకి పోయి చున్నీని కొరికి తెంపినాడు. మోకాలినుంచి పాదం దాకా తోలు లేచిపోయి పాప కిందికి దిగింది. మెడమీద ఎర్రగా వాత.

ఎవురూ లేవలేదు. బెంచీమీద దామోదరం పక్కనోడితో, "అయినా బట్ట పద్ధతిగా ఉండాదప్పా," అన్నాడు.

అది నేను నా చెవులతో ఇన్నాను. పాల క్యాను చేతిలో ఉండాది. విసరలేదు. విసిరేవాడినైతే మొదటిరోజే సంతకం పెట్టేవాడిని కాదు.

కాలు మానేదానికి తొమ్మిది దినాలు పట్టింది. పరీక్ష ముందురోజే మా ఊరి జాతర. ఆ మధ్యాన్నం మూడుగంటలకు అమల మా ఇంటికి వచ్చింది. ట్రాకు ప్యాంటు, టీషర్టు. జుట్టు బిగించి కట్టుకొని ఉండాది. వాళ్ళ నాయన గుడి కాడ సీరియల్ లైట్లు కడతా ఉన్నాడు.

"మామా, ఒక్కసారి టైము చూస్తావా? అందరూ గుడి కాడ ఉండారు. ఒక్కసారి ఎక్కి దిగితే నాకు ధైర్యం వస్తుంది."

నేను గడియారం తీసుకొని వెంట పోయినాను. పాల సెంటరు ముందర కుక్క తప్ప ఎవురూ లేరు. కాళ్ళకు దుమ్ము రుద్దుకొని ఎక్కింది. ఈసారి జారలేదు. కమ్మి దాటి పైకి పోయి, బెల్టు తగిలించుకొని, రెండు చేతులూ వదిలేసి ఊరిని చూసింది. అప్పుడే వీధి మలుపులో డప్పులు మోగినాయి. వేషాలు ఈ ఏడు అరగంట ముందుగా బయలుదేరినాయి.

ముందర మోహన్‌కృష్ణ. ఆకుపచ్చ పట్టుచీర, ఎర్ర అంచు. కోడలి రవిక ఎక్కక ఎనకల నాలుగు పిన్నీసులు పెట్టినారు, పిన్నీసుల మధ్య వీపు పొంగుకొని ఉండాది. మొగానికి పసుపు, చేతినిండా గాజులు, సవరానికి మల్లెపూలు. మీసం తియ్యలేదు. ఎనక దామోదరం గులాబీ రంగు చీరలో. ఆయన ఎనక జయరావు. ఊరంతా ఆ ఎనక.

డప్పు ఆగింది. అందరూ పైకి చూసినారు.

"దిగు," అన్నాడు మోహన్‌కృష్ణ.

అమల బెల్టు కొక్కెం ఒకసారి సరి చూసుకుంది.

"అమ్మవారి జాతరనాడు, ఇంతమంది మగోళ్ళలో, ప్యాంటేసుకొని నెత్తిమీద కూర్చుంటావా? సిగ్గులేదా? దిగు!" గాజులు గలగలమనేట్టు చెయ్యి ఊపినాడు.

"నువ్వే ఎక్కి దించు పెద్దాయనా," అంది పైనుంచి.

"ఏందే?"

"ఎక్కు. పద్ధతైన బట్టతో ఎక్కొచ్చంటివి గదా. పైటను నడుముకు ముడేసుకో, చున్నీ మాదిరి. నేనిక్కడే ఉంటా."

ఎవురో నవ్వినారు. మునిచంద్ర అనుకుంటాను. ఆ తర్వాత శకుంతలమ్మ, "ముందు పైట సర్దుకోరా, జారతా ఉండాది," అని కొడుకుతో గట్టిగానే అంది. ఊరు మొత్తం నవ్వింది. మోహన్‌కృష్ణ రెండు చేతులతో పైట పట్టుకున్నాడు. పసుపు పూసిన మొగంలో ఏ రంగు మారినా కనబడదు, ఆయన అదృష్టం.

అమల బెల్టు విప్పుకొని, తొందరపడకుండా దిగింది. జనంలోనుంచి నడిచి పోయింది. నేను గడియారం చూడడం మరిచిపోయినాను.

నవ్విన ఊరు మారిందని ఎవురైనా అనుకుంటే వాళ్ళు మా ఊరు చూడలేదన్నమాట. నవ్వుకు ఏమీ ఖర్చు కాదు. అదే జనం తెల్లారి పాల సెంటర్లో క్యాన్లు పట్టుకొని వరసగా నిలబడి ఉండారు. పాలు పట్టే పాప మోహన, తాయమ్మ క్యాను పక్కకు జరిపి తల వంచుకొని, "ప్రెసిడెంటు చెప్పినాడత్తా, నేనేం చేసేది," అంది.  ఎనక నిలబడినవాళ్ళు తమ వరస తొందరగా వస్తుందని ముందుకు జరిగినారు.

నేను తాయమ్మ క్యాను తీసుకొని నా క్యాను పక్కన పెట్టినాను.

మోహన రెండు క్యాన్లూ చూసింది. నన్ను చూసింది. "మామా, నీ ఆవు ఈరోజు రెండింతలు ఇచ్చిందే."

"ఇచ్చింది," అన్నాను.

పోసుకుంది. జయరావు అంగడిలోనుంచి ఎవురో దగ్గినారు. దగ్గితే దగ్గినారు.

ఆ టైముకు రాజారత్నం, అమల చిత్తూరు బస్సులో ఉన్నారు. నేను పాలు పోసి ఎనక బస్సుకు పోయినాను. మైదానంలో ఆరు కంబాలు పాతినారు, చుట్టూ తాడు కట్టినారు. వందమంది మగపిల్లలు, తొమ్మిదిమంది ఆడపిల్లలు. ఆ తొమ్మిదిమందీ ప్యాంట్లే వేసుకొని వచ్చినారు. కార్వేటినగరం నుంచి వచ్చిన పిల్లయితే వాళ్ళన్న పాత ప్యాంటు నడుముకు తాడు కట్టుకొని వచ్చింది. బల్ల కాడ కూర్చున్న ఇంజనీరు కళ్ళజోడు సర్దుకొని కాగితం చూసినాడు, అమల కాళ్ళు చూసినాడు.

"చెప్పులు తీసెయ్యమ్మా. చెమటుంటే మట్టి రుద్దుకో."

బట్టల గురించి ఆయన మాట్లాడింది అంతే.

అమల ఎక్కింది. నేను ఈసారి కూడా గడియారం చూడలేదు, పాప పాదాలే చూస్తా ఉన్నాను. రాజారత్నం చూడలేక కంబానికి వీపు పెట్టి నిలబడినాడు, ఇరవై రెండేండ్లు కంబాలమీద ఉన్న మనిషి. పైన బెల్టు కొక్కెం పడిన చప్పుడు ఇనబడింది. దిగేటప్పుడు మానిన పుండు పగిలి కాలినుంచి నెత్తురు వచ్చింది. నేలమీద పాదం పెట్టేసరికి గడియారం పట్టుకున్నాయన, "నిమిషం నలభై ఒకటి," అని చెప్పి పేరు ఎదురుగా టిక్కు పెట్టినాడు.

రాజారత్నం తిరిగి చూసి, "అయిందా?" అన్నాడు.

"అయింది నాయనా. కూర్చో," అంది అమల. ఆయన నేలమీదే కూర్చున్నాడు.

పై వారం పాసయినవాళ్ళ పేర్లు వచ్చినాయి. అమల పేరు ఉండాది. ఆర్డరు ఎప్పుడొస్తుందో తెలీదు, రెండు నెలలు కావచ్చు, ఆరు నెలలు కావచ్చు అన్నారు. తాయమ్మ పాలు నా క్యాన్ల పక్కనే పోతా ఉండాయి.

ఆ ఆదివారం కమిటీ మండీలో కూర్చుంది. కలెక్టరుకు కాగితం పంపే ముందు ఒక చిక్కు తీర్చుకోవాలన్నారు. నేను పుస్తకం తెరిచినాను. ఎవురో ఒకరు ఇప్పుడైనా పాప సంగతి వదిలేద్దామంటారేమో, ఆ మాట రాద్దామని పెన్ను మూత తీసినాను.

"ప్రభుత్వ ఉద్యోగులకు మినహాయింపు ఇచ్చినాం గదా," అన్నాడు మోహన్‌కృష్ణ. "ఈ పాపకు అది ఏ దినంనుంచి వర్తిస్తుంది? పాసయిన దినమా, ఆర్డరు వచ్చిన దినమా?"

"ఆర్డరు," అన్నాడు దామోదరం. "ఆర్డరు చేతికి రానిదే ఉద్యోగి ఎట్లా అవుతుంది?"

"పేరు వచ్చేసింది గదప్పా," అన్నాడు జయరావు. "రేపు మన మోటార్లకు ఆ పాపే దిక్కవుతుందేమో. కొంచెం చూసి మాట్లాడండి."

"అయితే మధ్య రకంగా రాద్దాం. ఆర్డరు వచ్చిందాకా చీర. పని మీద కంబం ఎక్కినప్పుడు మాత్రం..."

"చీరతో ఎక్కొచ్చు," అన్నాడు దామోదరం. "ఎక్కలేక కాదు. మనసు లేక."

మెడకు చున్నీ బిగిసి ఏలాడిన పాపను బెంచీమీద కూర్చొని చూసిన మనిషి ఆ మాటన్నాడు. అందరూ ఆలోచించే మొగాలు పెట్టినారు. ఒకడు తల కూడా ఊపినాడు.

"రాయి గంగాధరం," అన్నాడు మోహన్‌కృష్ణ.

నేను పెన్నుకు మూత పెట్టినాను. పుస్తకం మడిచి ఆయన ఒళ్ళో పెట్టినాను.

"ఏందిది?"

"నేను రాయను."

"ఎందుకు?"

ఎందుకో చెప్పేదానికి ఆ గదిలో వినే మనిషి ఉండాల. లేచి టవాలు దులుపుకున్నాను. "పాలు పిండాల," అని బయటికి వచ్చినాను.

ఎనక మోహన్‌కృష్ణ పుస్తకాన్ని దామోదరానికి ఇచ్చినాడు. దామోదరం కళ్ళజోడు ఇంట్లో ఉండాదని జయరావుకు ఇచ్చినాడు. జయరావు చెయ్యి నొప్పి అన్నాడు. వాకిలి దాటేదాకా నాకు ఇనబడతానే ఉండాది, పాసయిన దినమా, ఆర్డరు దినమా అని.